వెనక సీటు ఉద్యోగం

మలుపు తిరగ్గానే వెనక సీటు మీంచి ఆమె ఎడమ మోకాలితో మేస్త్రి నడుముని ఒక్కసారి నొక్కింది. పళ్ళబండి మనిషి రోడ్డు మీదికి రెండడుగులు జరిగి నిలబడ్డాడని దానర్థం. మేస్త్రి హ్యాండిల్‌ని కాస్త కుడికి తిప్పాడు. పళ్ళబండి మనిషి మోచేతికీ స్కూటర్ అద్దానికీ మధ్య బెత్తెడు సందు మిగిలింది.

కుడి మోకాలు నొక్కితే కుడిపక్క ఏదో ఉందని. రెండూ కలిపి నొక్కితే నెమ్మదించమని. వీపు మీద అరచేత్తో చరిస్తే ఉన్నపళంగా ఆపమని. నాలుగేళ్ళుగా ఊరి నడిబొడ్డున ఆ మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇలాగే తిరుగుతున్నారు.

మేస్త్రి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. బట్టల వీధిలోనూ, దాని వెనక సందుల్లోనూ ఉన్న దర్జీ దుకాణాల మిషన్లన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి. అరవై రెండేళ్ళొచ్చినా కళ్ళజోడు లేకుండా సన్నసూదిలో మొదటిసారికే దారం ఎక్కిస్తాడు. అందుకే ఆయన చూపు మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఎదురుగా ఉన్నది నిక్షేపంగా కనిపిస్తుంది. పక్కలే పోయాయి. "గొట్టంలోంచి చూస్తున్నట్టుందే" అన్నాడు మొదట్లో ఆమెతో. నీటికాసులన్నాడు కళ్ళ డాక్టరు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలవాలంటే చుక్కల మందు వేసుకోవాలి, బండి మాత్రం ముట్టుకోవద్దు అన్నాడు. చుక్కల మందు వేసుకున్నాడు. బండి మాట మెట్లు దిగేలోపే మర్చిపోయాడు.

రెండో వారంలో గోడకి రాసుకుని మోచెయ్యి చీరుకుని వచ్చాడు. మూడో వారం ఆమె ఇంటికి తాళం వేసి వెనకెక్కి కూర్చుంది. అంతకుముందు ముప్ఫై ఏళ్ళూ రెండు కాళ్ళూ ఒకవైపే పెట్టి కూర్చున్న మనిషి, ఆ రోజునుంచి చెరోవైపూ వేసి కూర్చోవడం మొదలుపెట్టింది. ఆడపడుచు చూసి నోరు నొక్కుకుంది. ఆమె పట్టించుకోలేదు.

మొదటి దుకాణం రవికలు కుట్టే ఆవిడది. వీళ్ళని చూడగానే మొదలుపెట్టింది.

"వచ్చారా కొత్త దంపతులు. బాబాయ్, పిన్నిని ఒక్కరోజైనా ఇంట్లో వదిలి రావచ్చుగా?"

"వదిలితే నన్నెవరు నమ్ముతారమ్మా," అన్నాడు మేస్త్రి మిషన్ తల వెనక్కి వాలుస్తూ. "నీ మిషన్‌లాగే మీ పిన్ని కూడా. రోజూ తిప్పకపోతే పట్టేస్తుంది."

ఆమె నవ్వుతూ పనిముట్ల సంచి విప్పి, అడక్కుండానే చిన్న స్క్రూడ్రైవర్ అందించింది. మేస్త్రి కళ్ళు మూసుకుని చక్రాన్ని చేత్తో మూడుసార్లు తిప్పాడు, చెవితో విన్నాడు, షటిల్ విప్పి అందులో ఇరుక్కున్న గోరంత దారప్పోగుని బయటికి తీశాడు. పావుగంట పని.

ఆరు దుకాణాలయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. పార్కు పక్కన బల్ల మీద కూర్చుని తెచ్చుకున్నది తిన్నారు. మళ్ళీ బండెక్కేసరికి ఎండ మండిపోతోంది. ముందురోజు రాత్రి వాళ్ళ వాటాలో పైపు పగిలి, నీళ్ళు ఎత్తిపోయడానికి ఆమె తెల్లవారకముందే లేచింది. చౌరస్తా ముందు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మేస్త్రి వీపుకి నుదురు ఆనించింది. ఆనించడం వరకే ఆమెకి గుర్తుంది.

కేకకి ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. బండి చౌరస్తా దాటేస్తోంది. తిరిగి చూస్తే కుడిపక్క రోడ్డు మీద ఒకావిడ చతికిలబడి ఉంది. ఆవిడ సంచి ఒకచోట, ఒంటి చెప్పు ఒకచోట.

"ఎవరో ఎవర్నో తిడుతున్నారే," అన్నాడు మేస్త్రి తాపీగా. "చూసుకుని నడిచి చావరు జనాలు. అయినా ఇవాళ ఇక్కడ ఖాళీగా ఉందేం? నువ్వసలు నొక్కనే లేదు."

ఆమె వీపు మీద చరిచింది. బండి ఆగింది.

"నీళ్ళ సీసా ఎక్కడో జారినట్టుంది. ఇక్కడే ఉండండి."

వెనక్కి పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఆవిడ అప్పటికే లేచి ఒంటికాలి మీద నిలబడి దుమ్ము దులుపుకుంటోంది. ఆమె చెప్పు తెచ్చి ఆవిడ పాదం ముందు పెట్టింది.

"దెబ్బ తగిలిందా అమ్మా?"

"లేదులెండి. చివరి క్షణంలో చూసి తప్పుకోబోయి వెనక్కి పడ్డాను. ఆ ముసలాయనకి కళ్ళు కనబడవా ఏం?"

"కనబడవమ్మా," అంది ఆమె.

ఆవిడ దాన్ని తనకి వంత పాడటం అనుకుని, ఇంకో నాలుగు తిట్లు తిట్టి, సంచి తీసుకుని వెళ్ళిపోయింది. ఆమె తిరిగి వచ్చి, మేస్త్రి భుజం పట్టుకుని వెనకెక్కి కూర్చుంది.

చివరి దుకాణం చొక్కాలు కుట్టే అతనిది. స్కూటర్ని చూసినప్పుడల్లా "అమ్మేటప్పుడు నాకే ఇవ్వాలి బాబాయ్" అంటాడు. ఇవాళా అన్నాడు.

"ఇవాళే తీసుకో," అంది ఆమె.

సూదికి దారం ఎక్కిస్తున్న మేస్త్రి చెయ్యి ఆగింది. లేచి బయటికొచ్చాడు. ఆమె ఆయన వెనకే మెట్ల మీదికి వచ్చి, గొంతు తగ్గించింది.

"నా మోకాళ్ళు పట్టేస్తున్నాయండీ. వెనక కూర్చోవడం ఇక నావల్ల కాదు."

రోజూ మూడంతస్తులు ఎక్కి దిగే మనిషి ఆమె. మేస్త్రి ఆమె మొహంలోకి తిన్నగా చూశాడు. అలా చూస్తే ఆయనకి అన్నీ కనిపిస్తాయి.

"ఎవరికి తగిలింది?" అన్నాడు.

"ఎవరికీ తగల్లేదు. ఒకావిడ తప్పుకోబోయి పడింది. లేచి వెళ్ళింది. నాకు కునుకు పట్టేసింది."

మేస్త్రి రోడ్డు వైపు చూశాడు. రోడ్డు మీద ఆయనకి ఎంత కనిపించిందో ఆమెకి తెలియదు. తర్వాత లోపలికి వెళ్ళి, ఆ మిషన్ పని మొత్తం ముగించి, చేతులు తుడుచుకుని, తాళంచెవి కత్తిరింపుల బల్ల మీద పెట్టాడు.

"మీ పిన్ని మోకాళ్ళు పాడైపోయాయిరా," అన్నాడు గట్టిగా. "ఆవిడ ఎక్కని బండి నాకెందుకు? లెక్క రేపు చూసుకుందాం. బ్రేకు కొంచెం కుడికి లాగుతుంది, చూసుకో."

అతను మేస్త్రి మనసు మారకముందే అన్నట్టు బండిని వీధిలోకి దించాడు. వెనక సీటుకి కట్టి ఉన్న చిన్న పరుపు విప్పి మెట్టు మీద పెట్టాడు.

"ఇది మీదేగా పిన్నీ, పట్టుకెళ్ళండి. ఒక్క చుట్టు తిప్పి ఇప్పుడే వచ్చేస్తా."

స్కూటర్ సందు మలుపు తిరిగింది. ఆ చప్పుడు కాసేపు వినిపించింది. మేస్త్రి అది ఆగేదాకా తల ఒకవైపు వంచి విన్నాడు.

"నడిస్తే ఇంటికి ఎంతసేపు?"

"నలభై నిమిషాలు. మీరు మధ్యలో ఎవరితోనూ పెట్టుకోకపోతే."

"అయితే రేపు ఏడింటికల్లా బయల్దేరాలి," అని ఆయన మెట్లు దిగాడు. ఆమె పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుని గబగబా ఆయన కుడిపక్కకి చేరింది. ఇద్దరూ జనంలో కలిశారు.

మెట్టు మీద పరుపు అలాగే ఉండిపోయింది. అన్ని దుకాణాల గుడ్డపీలికలూ కుక్కి కుట్టినది. మధ్యలో లోతుగా అణిగిపోయి, ఒక మూల కుట్టు ఊడి, పచ్చటి పీలిక ఒకటి బయటికి వేలాడుతోంది.