వాన పడితే వచ్చే వోల్టేజీ

అనిల్‌కుమార్ గారికి ఒక చూపుడు వేలుంది. మోటారు కాలిపోయి నా దుకాణానికి పట్టుకొచ్చినా, ఆ వేలు లేపి అది ఎందుకు కాలిందో నాకే చెప్తాడు. నేను చండ్రుగొండలో పద్దెనిమిదేళ్లుగా మోటార్ వైండింగ్ చేస్తున్నాను. ఐటీఐ చదివాను. ఆయన చదివింది బీకాం, అది కూడా పూర్తయిందో లేదో ఎవరికీ తెలియదు. అయినా వినాల్సింది నేనే. ముప్పై ఎకరాల ఆసామికి కరెంటు సంగతి కూడా తెలిసే ఉంటుందని మా మండలంలో అందరి నమ్మకం.

ఆయన భార్య నాగలత నిరుడు అమెరికాలో వాళ్ల అక్క దగ్గర మూడు నెలలు ఉండి వచ్చింది. వస్తూ వస్తూ ఒక ఎంబ్రాయిడరీ మిషన్ తెచ్చుకుంది. బొమ్మ ఎంచుకుని బటన్ నొక్కితే జాకెట్టు చేతి మీద నెమలిని అదే కుట్టేస్తుంది. ఇంటి ముందు గదిలో బొటిక్ పెడతానంది. ఆ మహాతల్లికి సూదిలో దారం ఎక్కించడం రాదు. అందుకని మా సువర్ణను పనికి పెట్టుకుంది.

సువర్ణ నా భార్య ప్రమీలకు చెల్లెలు. మా తండాలోనే ఉంటుంది. పగలంతా మిర్చి ఏరడం, ఇంటికొచ్చి కాళ్ల మిషన్ మీద జాకెట్లు కుట్టడం, పదేళ్లుగా ఆమె బతుకు ఇదే. మిర్చి ఏరే నెలల్లో చేతులు మండి అన్నం చెంచాతో తింటుంది. మధిర పెళ్లివాళ్లవి ముప్పై జాకెట్లు ఉగాదిలోపు కుట్టి ఇస్తే ఆ ముందు గది తనకే అప్పజెప్తాననీ, ఇక కూలికి పోనక్కర్లేదనీ నాగలత మాటిచ్చింది. ఆ మాట విన్నప్పటి నుంచి సువర్ణ కాళ్లు నేల మీద లేవు.

ప్లగ్గు మార్చడానికి నన్ను పిలిచారు. అమెరికా ప్లగ్గుకు రెండు బద్దపిన్నులుంటాయి, మన సాకెట్టులో కూర్చోవు. మిషన్ వెనకాల రేకు చూశాను. నూట ఇరవై వోల్టులని రాసి ఉంది. మన దగ్గర ఇచ్చేది రెండు వందల ముప్పై. నడుమ వోల్టేజీని దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఒకటి ఉండి తీరాలి. దానికి కావలసిన ఇనుము, రాగి తీగ నా దుకాణంలోనే ఉన్నాయి, రెండు రోజుల్లో చుట్టి ఇవ్వగలను. "సార్, ఇది మన కరెంటుకు..." అన్నానో లేదో, వేలు లేచింది.

"తెలుసులేవోయ్. అమెరికాలో నూటపది, నూట ఇరవై. మరి ఇక్కడ ఎంత వస్తుందో ఎప్పుడైనా చూశావా?" అని ఫ్రిజ్ పక్కనున్న స్టెబిలైజర్ మీద, లోపలికొచ్చే వోల్టేజీ చెప్పే ముల్లు చూపించాడు. నూట ఇరవై ఐదు దగ్గర ఉంది.

అబద్ధం కాదు. యాసంగి కాలం. ఇరవై మోటార్లు ఉండాల్సిన తీగ మీద నలభై రాత్రింబవళ్లు నడుస్తున్నాయి, అందులో నాలుగు ఆయనవే. ఆయన ఇల్లు ఆ తీగకు చిట్టచివర. ట్యూబ్‌లైటు వెలగదు, తిరిగే ఫ్యానుకు రెక్కలు లెక్కపెట్టొచ్చు. ఏటా నాలుగు నెలలు ఇలాగే ఉండేసరికి కరెంటంటే ఇంతేననుకోవడం ఇక్కడివాళ్లకు అలవాటైపోయింది. "స్టెబిలైజర్ పెడితే రెండొందల ఇరవైకి ఎక్కిస్తుంది, అందుకే డైరెక్టుగా గోడకు పెట్టించేస్తున్నా. చూశావా, మనదీ అమెరికాదీ ఒకటే కరెంటు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన తెలివికి మురిసిపోయారు. మోటార్లన్నీ ఆగిన రోజు సంగతేమిటని ఒక్కరికీ తోచలేదు. నేను మళ్లీ నోరు తెరవబోతే, నాది మోటార్ల పని అనీ, ఇది ఎలక్ట్రానిక్స్ అనీ, ప్లగ్గు మార్చి పొమ్మనీ అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ప్లగ్గు మార్చి వచ్చేశాను.

మిషన్ బ్రహ్మాండంగా నడిచింది. అనిల్‌కుమార్ గారు ఇంటికొచ్చిన ప్రతివాడికీ ముల్లు చూపించి పాఠం చెప్పాడు. నేను మాత్రం హోటల్ దగ్గర రోజూ నాతో చాయ్ తాగే భద్రుకు, లాలుకు అసలు సంగతి చెప్పాను. మొదటి వాన పడగానే రైతులంతా మోటార్లు బంద్ చేస్తారు, వోల్టేజీ రెండొందల నలభైకి లేస్తుంది, అమెరికా మిషన్ పొగలు కక్కుతుంది అన్నాను. వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి చాయ్ తాగినప్పుడల్లా మబ్బు వైపు చూసి, ఇయ్యాలనా రేపా అని అడిగేవాళ్లు. కళ్లాల్లో మిర్చి ఆరుతుంటే వాన కోసం ఎదురుచూసిన దరిద్రులం మండలం మొత్తంలో మేం ముగ్గురమే.

సువర్ణకు చెప్పలేదు. చెప్పాలని అనిపించకపోలేదు. ఒక సాయంత్రం ఫోనులో నెమళ్ల ఫోటోలు చూపించడానికి దుకాణానికి వచ్చింది. సారుకు ఎంత తెలివి బావా, పెట్టెలూ గిట్టెలూ ఏమీ లేకుండానే నడిపించిండు అని మెచ్చుకుంది. నా మరదలు, నా దుకాణంలో నిలబడి, ఆయన తెలివిని మెచ్చుకుంది. అంతే, గొంతు దాకా వచ్చిన మాట మింగేశాను. చెప్తే ఆమె పోయి నాగలతకు చెప్తుంది, వాళ్లు పట్నం నుంచి పెట్టె తెప్పించుకుంటారు, ఆ వేలు ఎప్పటిలాగే లేచి ఉంటుంది. ఆ వేలు ముడుచుకోవడం నా కళ్లతో చూడాలని నాకు మహా కోరికగా ఉండేది.

ఉగాది ఇంకా ఆరు రోజులుందనగా, మధ్యాహ్నం రెండింటికి వాన కొట్టింది. జనం కళ్లాల మీద పట్టాలు కప్పడానికి ఉరికారు, దారిలో మోటార్లు ఆపేసుకుంటూ పోయారు. గంటలోపే నాకు పిలుపొచ్చింది.

నేను వెళ్లేసరికి గదంతా కాలిన వాసన. సువర్ణ ఇరవై రెండో జాకెట్టు చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. ఫ్యాను ఉన్నట్టుండి జోరుగా తిరిగిందట. మంచి కరెంటొచ్చింది, ఇక పని జల్దీ అయిపోతుందని సంబరపడిందట. అంతలోనే మిషన్ టప్పుమంది. మూత విప్పి చూస్తే లోపలి బోర్డు నల్లగా మాడిపోయి ఉంది.

అనిల్‌కుమార్ గారు అప్పటికే తీర్పు చెప్పేశాడు. మొరటు చేతులతో ఏదో నొక్కి పాడుచేసిందన్నాడు. అప్పుడు నేను స్టెబిలైజర్ ముల్లు చూపించాను, నా వేలితో. రెండొందల నలభై. "మోటర్లు బంద్ అయినయ్ సార్. ఇదీ మన కరెంటు," అన్నాను.

ఆయన ముల్లు చూశాడు. మొహం మాడిపోయింది. వేలు జేబులోకి పోయింది. ఇన్నాళ్లు ఎదురుచూసింది ఆ ఒక్క క్షణం కోసమే, కడుపు నిండినట్టయింది. ఆపుకోలేక, ప్లగ్గు మార్చిన నాడే నేను చెప్పబోయాననీ, మీరే చెప్పనియ్యలేదనీ, కావాలంటే హోటల్ దగ్గర ఎవర్నైనా అడగమనీ అనేశాను. అంటూ సువర్ణ వైపు తిరిగాను, నవ్వుతుందని. ఆమె నవ్వలేదు. చేతిలోని జాకెట్టు మడత పెడుతూ నన్నే చూస్తోంది.

నాగలతకు వోల్టేజీతో పని లేదు. ఆమెకు కావలసింది జాకెట్లు. గుడ్డలన్నీ మూటగట్టించి ఆ సాయంత్రమే ఖమ్మంలో ఎవరో టైలరుకు పంపించేసింది. ముందు గదికి తాళం వేసింది. మిషన్ పాడుచేసింది సువర్ణేనని ఆయన తర్వాత కూడా అందరికీ చెప్పుకున్నాడు. ఆయనలాంటివాడు ఇంకేం చెప్పుకుంటాడు?

మర్నాడు పొద్దున తండా ఆడవాళ్లతో ఆటో ఎక్కబోతూ సువర్ణ నా దుకాణం ముందు ఆగింది. అనిల్‌కుమార్ గారి కళ్లంలోనే తడిసిన మిర్చిలో రంగు పోయిన తాలు కాయలు ఏరడానికి పోతోంది. మొహానికి తువ్వాల కట్టుకుంది, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. నేనే ముందు మాట్లాడాను. ఆ బోర్డు హైదరాబాదులో దొరుకుతుందేమో కనుక్కుంటాననీ, పెట్టె నేనే ఊరికే చుట్టి ఇస్తాననీ, నాగలతమ్మను నేనే అడుగుతాననీ గబగబా చెప్పాను.

"కాలుతదని నీకు ముందే ఎరుకనా బావా?"

"అవ్."

"భద్రుకు ఎరుక. లాలుకు ఎరుక."

నాకు చెప్పుకోవడానికి ఒకటే దొరికింది. "ఆయన ఇనేటోడు కాదు సువర్ణా. నేను మొత్తుకున్నా ఇనకపోతుండె," అన్నాను.

ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆమె తువ్వాల సవరించుకుంది.

"ఆయన ఇనడు. నేను ఇంటుంటి కద," అని వెళ్లి ఆటోలో కూర్చుంది.