తెల్ల బిళ్ళల డబ్బా

నేను ఒక బిస్కెట్ల డబ్బాని. ఏదో ఫ్యాక్టరీలో రేకు వంచి, మూత మీద నవ్వే పాప బొమ్మ అచ్చేసి నన్ను బజారుకి పంపారు. బిస్కెట్లు అయిపోయాకే నా దశ తిరిగింది. చీరాల దగ్గర ఒక నేతగాళ్ళ వీధిలో, మార్కండేయులు ఇంట్లో నేను మందుల డబ్బానయ్యాను.

ఆయన భార్య భద్రమ్మది పెట్టే చెయ్యి. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చి తగ్గినా మిగిలిన బిళ్ళలు నాలో దాచేది. ఇరుగుపొరుగు అడిగితే కత్తెరతో బిళ్ళల పట్టీ కత్తిరించి ఇచ్చేది. వాళ్ళూ తమ ఇళ్ళలో మిగిలినవి తెచ్చి నాలో పడేసేవారు. కత్తెర దెబ్బకి మందు పేరు ఒకరింటికి, తేదీ ఇంకొకరింటికి పోయేవి. రంగు గుర్తుంటే చాలనుకునేవారు అందరూ. వీధి వీధంతా నన్నే నమ్ముకుంటే నేనూ కాస్త నిక్కాను, డాక్టరు చదువు చదివినట్టు.

గుంటమగ్గం తొక్కి తొక్కి భద్రమ్మ మోకాళ్ళు పట్టేసేవి. పక్కింటి నాంచారమ్మ ఒక తెల్ల బిళ్ళ చేతిలో పెట్టింది.

"నాకు చిటికెలో తగ్గింది వదినా. వేసుకో."

నిజంగానే తగ్గింది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇక రోజూ మగ్గంలోకి దిగే ముందు ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. డాక్టరుకి చూపించుకుందామని మార్కండేయులు అంటే, "ఈ చీర పూర్తవనీ" అనేది. అది పూర్తయ్యేసరికి ఇంకోటి మొదలయ్యేది. పాదాలు వాచాయి. దానికీ నాలోనే వెతికింది.

ఒకరోజు మగ్గం గుంటలోంచి లేవలేకపోయింది. మూత్రపిండాలు రెండూ పాడయ్యాయన్నారు ఆసుపత్రిలో. ఏం మందులు వాడిందని డాక్టరమ్మ అడిగితే మార్కండేయులు పరుగున ఇంటికొచ్చి, నన్ను పట్టుకెళ్ళి ఆమె బల్ల మీద కుమ్మరించాడు.

"ఇందులో ఏవండీ?"

"తెల్లవమ్మా."

దాదాపు అన్నీ తెల్లవే. ముక్కల మీద పేర్లు లేవు. ఆమె ఒక్కో ముక్కా తిప్పి చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. రోజూ వేసుకున్న ఆ నొప్పి బిళ్ళలే మూత్రపిండాల్ని తినేశాయంది. భద్రమ్మ ఇంటికి తిరిగి రాలేదు.

ఇప్పుడు నేను మళ్ళీ ఆ ఇంటి గూట్లోనే ఉన్నాను. మూత మీద పాప ఇంకా నవ్వుతూనే ఉంది, దానికేం తెలుసు? భద్రమ్మ ప్రాణం మీదికి తెచ్చింది ఏ బిళ్ళో మార్కండేయులు వీధిలో ఎవరికీ చెప్పలేదు. నాంచారమ్మ మొహం చూస్తే ఆయనకి నోరు రాలేదు.

నిన్న ఆమే గుమ్మంలోకొచ్చింది. "నడుం విరిగిపోతోంది అన్నయ్యా. వదిన వేసుకునే ఆ బిళ్ళ ఒకటుంటే ఇయ్యి."

మార్కండేయులు నన్ను తీసి, మూత విప్పి ఆమె చేతిలో పెట్టాడు. లోపల బిళ్ళ ఒక్కటీ లేదు. భద్రమ్మ కత్తెర ఉంది. నాంచారమ్మ దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"చెప్పులేసుకో చెల్లెమ్మా," అన్నాడాయన. "ఆసుపత్రికి పోదాం."