పాత అట్టలనుకున్నారు

“పిల్లల పుస్తకాలకి అట్టలేసీసినాం. నీకో పని తప్పిపోయింది పో” అంది మా అత్త బంగారమ్మ, నేనింకా చేతిలో సంచీ కింద పెట్టకముందే.

సంతోషించాను. అబద్ధమెందుకు, నిజంగానే సంతోషించాను. పక్క ఊరు ధర్సీవాలో మా ఆడపడుచు పైడమ్మ పురుడు పోసుకుంది. అత్తకి మోకాళ్ళ నొప్పులు, కూతురి దగ్గర కూర్చుని నీళ్ళు కాచిపోయలేదు, గుడ్డలుతకలేదు. “వదినుంది కదా” అన్నారందరూ, నేనేదో చెప్పులేసుకుని గుమ్మంలో ఇందుకోసమే నిలబడి ఉన్నట్టు. బాలింతకి పథ్యం వండి, పసిదానికి నలుగుపెట్టి, ఆ ఇంటి అంట్లు తోమి, ఆమె మొగుడు ఫ్యాక్టరీకి వెళ్ళేటప్పుడు క్యారేజీ కట్టి, అలా జూన్ నెల సగం అక్కడే అయిపోయింది. బస్సులో వస్తున్నంతసేపూ అట్టల గురించే బెంగ. స్కూళ్ళు తెరిచేశారు, పిల్లలిద్దరి పుస్తకాలు, ఇంటికెళ్ళగానే కత్తెరా జిగురూ పట్టుకుని కూర్చోవాలి కదా అని. అలాంటిది నా పని ఇంకొకరు చేసిపెట్టారంటే ఎంత హాయిగా ఉంటుంది చెప్పండి. ఈ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదటిసారి. కాళ్ళు కూడా కడుక్కోకుండా “ఏదత్తా, చూపించు” అన్నాను.

ఆ పుస్తకాలు మీకు చూపించేముందు నా బొమ్మల సంగతి చెప్పాలి. లేకపోతే మీరూ “ఓస్, దీనికేనా” అంటారు. మా ఇంట్లో అన్నారు.

మేముండేది హిందీవాళ్ళ ఊళ్ళో, గుఢియారీ బజారు పక్కన రైల్వే క్వార్టర్లలో. శ్రీకాకుళం, పలాస వైపు నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళే ఎక్కువ. మా తెలుగువాళ్ళ సంఘానికి ఒక్క గది లైబ్రరీ ఉంది, రిటైరైన గార్డు పున్నయ్యగారు చూస్తారు. అన్నీ పాత నవలలే, నేను పుట్టకముందు నాటివి, మా అమ్మ పెళ్ళికూతురుగా ఉన్ననాటివి. చేతులు మారీ మారీ చిరిగిపోతే ఆయన వాటికి బైండు వేయిస్తారు. బైండు వేసేవాడు ముందుగా చేసే పని బొమ్మ ఉన్న అట్ట పీకి అవతల పారెయ్యడం. పున్నయ్యగారిని అడిగి ఆ పారేసినవి తెచ్చుకునేదాన్ని. “నవల వదిలేసి తొక్క తీసుకెళ్తావేంటమ్మా” అని నవ్వేవారాయన. ఏం చెప్పను? నవల చదవడానికి తీరిక కావాలి. అట్ట చూడ్డానికి పప్పు ఉడికేంతసేపు చాలు.

ఎంత బాగుండేవో ఆ అట్టలు. తలకంటే పెద్ద కొప్పూ, చేతుల్లేని జాకెట్టూ, చెవులదాకా సాగిన కనుబొమ్మలూ ఉన్న అమ్మాయి ఎప్పుడూ కిటికీ దగ్గరే నిలబడి ఉంటుంది. వెనకాల సిగరెట్టుతో మగాడి నీడ. డిటెక్టివ్ పుస్తకమైతే పచ్చటి వెలుగులో టార్చిలైటు పట్టుకున్న టోపీవాడు. అప్పటి ప్రెస్సుల్లో ఒక్కో రంగూ విడివిడిగా అచ్చేసేవారు కాబోలు, పెదాల ఎరుపు పెదాల మీద పడేది కాదు, కొంచెం పక్కకి జరిగి చెంప మీద పడేది. నాకు అదే నచ్చేది. మనిషి ఒకచోట ఉంటే ఆమె రంగు ఇంకోచోట ఉండటం. నా సంగతీ అంతే కదా అనిపించేది.

ఓ మధ్యాహ్నం మా పెద్దాడి స్కూల్లో మిగిలిన పోస్టర్ రంగులు ఎండిపోతుంటే నీళ్ళు చిలకరించి ఊరికే మొదలుపెట్టాను. అదే కొప్పు, అదే కనుబొమ్మలు. కానీ నా అమ్మాయి కిటికీ దగ్గర కాదు, షిఫాన్ చీర కట్టుకుని కిరోసిన్ లైన్లో నిలబడింది. టోపీవాడు భూతద్దం పెట్టి చింతపండులో గింజలు వెతుకుతున్నాడు. ఇంకో దాంట్లో మంచం మీద తువ్వాలు, దాన్నుంచి కారుతున్న నీళ్ళు, గుమ్మంలో నోటికి చెయ్యడ్డం పెట్టుకుని భయంతో చూస్తున్న ఇల్లాలు. పైన ఎర్రక్షరాల్లో ‘తడి తువ్వాలు మిస్టరీ’ అని రాశాను. పెదాల ఎరుపుని మాత్రం అన్నిట్లోనూ పక్కకే జరిపాను, కావాలనే. రెండేళ్ళలో తొమ్మిది బొమ్మలయ్యాయి. పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపు, అత్త కునుకు తీసేలోపు వేసినవి.

ఒకరోజు కుముద్ దీదీ వచ్చింది. పెద్దాడికి డ్రాయింగు చెప్పే టీచరు, మరాఠీ ఆవిడ. వాడు రంగుల పెట్టె తీసుకురావట్లేదని నామీద ఫిర్యాదు చెయ్యడానికి వచ్చి, వంటింట్లో ఆరబెట్టిన బొమ్మ చూసి ఆ సంగతే మర్చిపోయింది. అన్నీ తెప్పించుకుని చూసింది. తెలుగు రాకపోయినా తువ్వాలు బొమ్మ చూసి పడీపడీ నవ్వింది, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది. దేవేంద్ర నగర్లో ఒక హాలు తీసుకుని ఊళ్ళో ఆడవాళ్ళు వేసిన బొమ్మలు మూడు రోజులు పెడుతున్నామనీ, ఒక గోడంతా నీకేననీ చెప్పింది. నీ పేరేమిటి అంది. కాలనీలో నన్ను సూరిబాబు ఆవిడ అంటారు, హిందీవాళ్ళు సూరీబాబూ కీ ఘర్‌వాలీ అంటారు. నా పేరు చెప్పేసరికి నాకే కొత్తగా వినపడింది. భ్రమరాంబ. రెండుసార్లు చెప్పించుకుని రాసుకుంది.

ధర్సీవాకి వెళ్ళేముందు ఆ తొమ్మిదీ మా పరుపు కింద బోర్లా పరిచి వెళ్ళాను. మా ఆయన డ్యూటీ ప్యాంట్లు మడత నలక్కుండా పెట్టేది అక్కడే. ఇంట్లో పరుపెత్తేది నేనొక్కదాన్నే కాబట్టి, లోకంలో అంతకంటే భద్రమైన చోటు ఉండదనుకున్నాను. నేను లేకపోతే ఆయన ప్యాంట్లు ఆయనే పెట్టుకోవాలన్న మాట నాకు తట్టలేదు.

అత్త గర్వంగా పుస్తకాలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. తెల్లటి దళసరి అట్టలు, మూలలు నీటుగా కత్తిరించి, మైదా జిగురుతో పుస్తకం అట్టకే గట్టిగా అతికించి, ఒక్క ముడత లేకుండా ఉన్నాయి. మీద మా ఆయన గుండ్రటి చేతిరాత. కుర్రాడి పేరు, క్లాసు, తండ్రి పేరు సూరిబాబు. ఆ కాగితం చేత్తో తడిమాను. రెండేళ్ళు ఆ కాగితం మీద చెయ్యి పెట్టినదాన్ని, నాకు తెలీదా? లెక్కల పుస్తకం అట్ట అంచు గోరుతో లేపి చూశాను. లోపలివైపు కిరోసిన్ డబ్బా పట్టుకున్న చెయ్యి కనపడింది.

“ఇవి నా బొమ్మలత్తా” అన్నాను.

అత్త తెల్లమొహం వేసింది. పాపం, ఆమెకేం తెలుసు. స్కూలు తెరిచాక గుఢియారీ దుకాణాల్లో బ్రౌన్ పేపరు దొరకలేదట, న్యూస్‌పేపరు అట్టలైతే టీచరు ఊరుకోదట. ఇంతలో వాళ్ళబ్బాయి ప్యాంటు పెట్టుకుందామని పరుపెత్తి ఇవి పట్టుకొచ్చాడట. మైదా తనే ఉడికించిందట, నడుం పడిపోయినా సరే కోడలికి పని తగ్గుతుందని రెండు పూటలు కూర్చుని అతికించిందట. “నీ కోసమే గదే చేసినాను” అంది. అది నిజం. కోపం తెచ్చుకోడానికైనా ఎదురుగా దుర్మార్గులు ఉండాలి కదా. నా ఖర్మకి అదీ లేదు.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చాక అడిగాను, బొమ్మల వైపు చూడలేదా అని. చూశాడట. అదే కదా నా ప్రాణం తీసింది.

“చూశాను. లైబ్రరీ నుంచి పాత నవలల అట్టలు తెచ్చుకుంటావుగా, అవే అనుకున్నాను” అన్నాడు. “తడి తువ్వాలు మిస్టరీ అని పేరు కూడా ఉంది. ఎప్పుడో వచ్చిన పుస్తకం కాబోలనుకున్నా. నువ్వు వేశావా? అచ్చం అట్టలాగే ఉంది, భలే వేశావే.”

మెచ్చుకున్నాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో నా చేతిపనిని ఆయన మెచ్చుకున్నది అప్పుడే. ఆ తువ్వాలు ఎవరిదో కూడా తెలీకుండా మెచ్చుకున్నాడు. బొమ్మలో దాని అంచుకి నీలం చారలు కూడా వేశాను, ఆయన రోజూ మంచం మీద పడేసే దానికి ఉన్నట్టే. స్నానం చేసి వచ్చి ఆ నిమిషంలోనూ అదే పడేసి ఉంచాడు.

తియ్యడానికి చూడకపోలేదు. హిందీ వాచకానికి ఆవిరి పట్టి, చాకుతో మెల్లగా లేపాను. పోస్టరు రంగు సంగతి తెలిసిందే, తడి తగిలితే కరిగిపోతుంది. కాగితం ఊడి వచ్చింది గానీ అమ్మాయి మొహం పుస్తకానికే అంటుకుపోయింది. నా చేతిలో కొప్పు మాత్రం మిగిలింది. మూలల కోసం అత్త కత్తిరించిన చోట కనుబొమ్మ లేదు. రెండోదాని మీద చెయ్యి వేసేసరికి చిన్నది ఏడుపు లంకించుకుంది, టీచరు తన పుస్తకాలకే ‘వెరీ గుడ్’ అందట, తియ్యొద్దట. మా ఆయన నా చేతిలోంచి చాకు తీసుకున్నాడు. పిల్లల పుస్తకాలు పాడుచేస్తావా, నీ బొమ్మలు ముఖ్యమా వాళ్ళ చదువు ముఖ్యమా అన్నాడు. అలా అడిగితే ఏ తల్లి ఏం చెబుతుంది? నేనూ అదే చెప్పాను. మిగిలినవాటి జోలికి పోలేదు.

ఆ తర్వాత ఆయనే బజారుకెళ్ళి కొత్త డ్రాయింగు షీట్లూ రంగులూ తెచ్చి నా ముందు పెట్టాడు. “గీసినవే కదా, మళ్ళీ గియ్యి. పోయిందేముంది? రేపు వంట తొందరగా కానిచ్చుకుని కూర్చో” అన్నాడు. అత్త కూడా అవునంది. చెడ్డవాడు కాదు, డబ్బు పోసి తెచ్చాడు, నేను ఏడవకూడదనే తెచ్చాడు. నేను వాటివైపు చూస్తూ కూర్చున్నాను. వండుతాను, తినేస్తారు. ఉతుకుతాను, విడిచేస్తారు. ఊడుస్తాను, చెప్పులతో వచ్చేస్తారు. తెల్లారి లేచేసరికి నేను నిన్న చేసిందంటూ ఈ ఇంట్లో ఏమీ మిగలదు, మళ్ళీ మొదట్నుంచీ. ఒక్క ఆ బొమ్మలే చేస్తే చేసినట్టు ఉండిపోయేవి. తీసి చూసినప్పుడల్లా నిన్నటివి నిన్నటిలాగే ఉండేవి. మళ్ళీ గియ్యమంటున్న ఈ మనిషికి అది ఎలా చెప్పను? చారు ఒలికితే మళ్ళీ కాచమన్నట్టే చెప్పాడు. కొత్త షీటు తీసి కుంచె తడిపాను. చెయ్యి రాలేదు. అమ్మాయి మొహం గుర్తొస్తే పుస్తకానికి అతుక్కున్నట్టే గుర్తొచ్చింది. ఎగ్జిబిషన్ ఎల్లుండే.

శనివారం పొద్దున్నే వంట చేసి మూతలు పెట్టి, దీదీకి చెప్పి వచ్చేద్దామని, ఇంట్లో ఆ మాటే చెప్పి దేవేంద్ర నగర్ వెళ్ళాను. సిటీ బస్సులో మాటలు కూడబలుక్కున్నాను, బొమ్మలు పాడైపోయాయి, క్షమించండి అని. హాల్లో అందరి గోడలూ నిండి ఉన్నాయి. ఎవరో నెమళ్ళు వేశారు, ఎవరో బస్తర్ అడవి వేశారు. కిటికీ పక్క గోడకి తొమ్మిది మేకులు మాత్రం ఉన్నాయి. కింద తెల్లటి కార్డు మీద హిందీలో నా పేరు.

దీదీ అంతా విని నా భుజం పట్టుకుంది. తర్వాత ఒక సాయం అడిగింది. నెమళ్ళు వేసినావిడ దగ్గర ఇంకా బొమ్మలున్నాయట, ఈ గోడ ఆవిడకి ఇచ్చేస్తే బోసిగా ఉండదు కదా అని కార్డు తియ్యబోయింది. న్యాయమైన మాటే. సరే అందామనే నోరు తెరిచాను. జీవితమంతా అంటున్న మాటే, దానికి కష్టమేముంది. ఇల్లంతా తుడిస్తే తడిగుడ్డకి అంటిన మురికిలా నా పేరు కూడా ఇక్కణ్ణుంచి పోతుందని అప్పుడనిపించింది. కన్నీళ్ళు వచ్చేశాయి, ఆపుకోలేదు.

“పేరు తియ్యకండి దీదీ” అన్నాను. “గోడ అలాగే ఉండనివ్వండి.”

దీదీ కార్డు మీంచి చెయ్యి తీసేసింది. ఇంక వెళ్ళిపోవచ్చు, కానీ వెళ్ళలేదు. ఆ మేకుల పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాను. జనం వచ్చారు, పోయారు. నెమళ్ళు చూసి నా గోడ దగ్గరకొచ్చి ఆగేవారు, మేకులు చూసేవారు, కార్డు చదివేవారు, నన్ను చూసేవారు. ధైర్యంగా నిలబడ్డానని అనుకోకండి, సిగ్గుతో చచ్చిపోతున్నాను. బెంగాలీ పెద్దావిడ ఒకావిడ మాత్రం దగ్గరకొచ్చి, అన్నీ అమ్ముడుపోయాయా అని అడిగింది.

“లేదు, వాడేశారు” అన్నాను. ఆవిడకి ఏం అర్థమైందో తెలీదు గానీ, ఇంకేమీ అడక్కుండా నా పక్కనే కాసేపు నిలబడి వెళ్ళింది.

నేనింకా ఇల్లు చేరలేదని కబురందిందేమో, సాయంత్రం డ్యూటీ నుంచి మా ఆయన నేరుగా అక్కడికే వచ్చాడు. ఖాకీ ప్యాంటు, చేతిలో టిఫిను డబ్బా. నన్ను వెతుక్కుంటూ వచ్చి గోడ చూసి, కార్డు చదివి, అటూఇటూ చూసి గొంతు తగ్గించాడు. ఆ కార్డు మీద నా పేరు పక్కన తన పేరు లేదని కూడా గమనించే ఉంటాడు. పిల్లలు వచ్చేసి ఉంటారనీ, పొద్దుటి అన్నం అయిపోయి ఉంటుందనీ, అమ్మ మోకాళ్ళతో లేవలేదనీ నెమ్మదిగానే చెప్పాడు.

“ఖాళీ గోడ దగ్గర నిలబడితే ఏం వస్తుంది చెప్పు? నలుగురూ నవ్వుతారు. పద, ఇంటికెళ్దాం.”

నేను కదల్లేదు.

“హాలు ఏడింటికి మూస్తారట. అప్పటిదాకా నేనిక్కడే ఉంటాను” అన్నాను. “ఎసరు మీరు పెట్టండి. రేపూ ఎల్లుండీ కూడా మీరే పెట్టాలి.”