వరుసలో నిలబడే ఉద్యోగం

బల్లలు చరిచిన పెద్దల్లారా, ఈ మనిషి పొట్ట కొట్టింది మీరే. బయటి సరుకుకు తలుపులు బార్లా తెరిచి, పంపుల కంపెనీని మూయించి, అందులోని లేత్ మిషన్లను పాత ఇనుము కింద తూకానికి వేయించింది మీ సంతకమే. అంతటితో ఊరుకున్నారా? ఆ మిషన్ ముందు ఇరవై ఆరేళ్ళు నిలబడ్డవాడికి ఇప్పుడు బ్రహ్మాండమైన ఉద్యోగం ఉందని పార్లమెంటులో చెప్పి నవ్వుకున్నారు. ఆ ఉద్యోగమేమిటో చెప్తా, వినండి.

అతన్ని కంపెనీలో అందరూ మిల్లీమీటరు అనేవారు. ఇనప కడ్డీని వేళ్ళతో తడిమి మందం చెప్పేవాడు. గేజీ పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. కంపెనీ పోయాక ఆ వేళ్ళకు మిగిలిన పని ఒక్కటే, నిరుద్యోగ భృతి కోసం నెలనెలా ఉపాధి కార్యాలయంలో సంతకం పెట్టడం. అక్కడ ఉన్నవి రెండు కిటికీలు. ఒకటి ఎప్పుడూ మూసే ఉంటుంది. రెండోదాని ముందు మూడు వందల మంది.

ఒకరోజు అతని సంతకం అయిపోయాక, వెనకున్న చంటిపిల్ల తల్లి, "అన్నా, పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. పాలిచ్చి వస్తా, నా చోట్లో కాస్త నిలబడవూ" అంది. నిలబడ్డాడు. తిరిగొచ్చి, టీ తాగమని చేతిలో చిల్లర పెట్టింది. మర్నాడు ఊరికే అటు వెళ్తే నడుంనొప్పి ముసలాయన. ఆ మర్నాడు ఇంకెవరో. అలా అలవాటైపోయింది. పొద్దున్నే వెళ్ళి వరుసలో నిలబడటం, ఎవరైనా అడిగితే ఆ చోటు వాళ్ళకిచ్చి మళ్ళీ తోక చివరికి పోవడం. సాయంత్రానికి మోకాళ్ళు బిగుసుకుపోయేవి, చేతిలో ఒక పూట కూరగాయలు ఉండేవి. దాన్ని ఇంట్లో ఎవరూ పని అనలేదు. అతనూ అనలేదు. ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి తోడల్లుడు ఎదురుగా ఉన్నాడు. తోడల్లుడికి టైర్ల కొట్టుంది, నాలుగు ఉంగరాలున్నాయి, నోటికి మూత లేదు. ఆదివారం పూట వచ్చి, ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో కాలు మీద కాలేసుకుని, "ఏం అన్నయ్యా, ఇంకా ఖాళీయేనా? మా కొట్టు ముందు కాపలాకి మనిషి కావాలి. పరాయివాడెందుకు, నువ్వే వచ్చెయ్" అంటున్నాడు. సరిగ్గా అప్పుడే సర్కారు ఉపాధి లెక్కలు రాసుకునే సర్వే అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది.

"అంకుల్, పోయిన వారంలో ఒక్క గంటైనా డబ్బులొచ్చే పని చేశారా?"

"ఒక్క గంటేంటమ్మా! రోజుకి ఎనిమిది గంటలు" అన్నాడు మిల్లీమీటరు, ఉంగరాల వంక చూస్తూ.

"జీతానికా, సొంతంగానా?"

"సొంతమే. ఒకడి కింద చేసే ఖర్మ నాకేంటి? లైన్లో నిలబడలేని వాళ్ళ తరఫున నిలబడతా. ఊళ్ళో మిల్లీమీటరంటే ఎవరైనా చెప్తారు."

ఆ పిల్ల నవ్వలేదు. పొద్దుగూకేలోపు నలభై ఇళ్ళు తిరగకపోతే ఆమె పనీ ఊడుతుంది. 'సొంత ఉపాధి, సేవారంగం' అన్న గడి నొక్కింది. పాత ఉద్యోగమేదో కూడా అడిగి, 'ప్రత్యేక వివరాలు' అన్నచోట అతను చెప్పినదంతా ఎక్కించుకుంది. వెళ్ళిపోయింది.

తోడల్లుడు గుమ్మం దాటాడో లేదో, భార్య వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఆయన ముందు మీసం మెలేశావు, బాగానే ఉంది. రేపు భృతి ఆగిపోతే ఆ మీసమే ఉడకేసి పెట్టనా?"

"ఊరుకోవే. సర్వే వేరు, భృతి వేరు."

వేరు కాదు. ఇరవై రోజుల్లో ఉత్తరం వచ్చింది. 'మీకు ఉపాధి లభించినందుకు అభినందనలు' అని పైన పెద్దక్షరాలు. భృతి ఆపేశామని కింద చిన్నక్షరాలు. అభ్యంతరం ఉంటే నెలలోపు ఫారం ఇవ్వాలి, లేదంటే రెండేళ్ళదాకా పేరు జాబితాకి ఎక్కదు. ఆ ఫారానికి మూడు సంతకాలు కావాలి. మూడో ఆఫీసరు సెలవులోంచి తిరిగొచ్చి గీకేసరికి గడువుకి మిగిలింది ఒక్కరోజు.

ఆ రోజు మిల్లీమీటరు చీకటితోనే వెళ్ళాడు. అయినా ముందు డెబ్భై మంది.

"అన్నా, కాస్త నా చోట్లో..." అంటూ వచ్చింది చంటిపిల్ల తల్లి.

"ఇవాళ కుదరదమ్మా. ఇవాళ నాకు నేనే గిరాకీ" అన్నాడు.

మూడు గంటలకు అతని ముందు ఒక్కరే మిగిలారు. ఆ ఒక్కరూ పక్కకు జరిగారు. మిల్లీమీటరు ఫారం లోపలికి తోశాడు. గుమస్తా దాన్ని తిరిగి బయటికి తోసి, కిటికీ రేకు కిందికి లాగాడు.

"మంత్రిగారు సభలో మాట్లాడుతున్నారు. అన్ని ఆఫీసుల్లో చూపించాలని పైనుంచి ఆర్డరు. అయ్యేదాకా ఆగండి, మంచి మాటలు చెప్తారు" అన్నాడు రేకు సందులోంచి.

"ఆ మంచి మాటలేవో కిటికీ తెరిచి చెప్పమను నాయనా!" అంది వెనకనుంచి ఒక ముసలామె.

గోడ మీద టీవీ మోగింది. మంత్రి లేచాడు. నున్నటి మొహం, ఇస్త్రీ మడత నలగని కోటు. వరుసలో నిలబడి ఎరగని కాళ్ళు బల్ల వెనక ఉన్నాయి, కనబడలేదు. ప్రతిపక్షంలోంచి ఎవరో అరిచారు: "కంపెనీలు మూతపడ్డాయి. మనుషులేమయ్యారు?"

మంత్రి గుక్కెడు నీళ్ళు తాగి, తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు.

"మూతపడలేదు అధ్యక్షా, మార్పు చెందాయి."

"మా ఆయనా అంతే తల్లీ. చచ్చిపోలేదు, మార్పు చెందాడు" అంది ముసలామె. ఆఫీసు హాలంతా గొల్లున నవ్వింది.

మంత్రి లెక్కలు చదివాడు. లక్షల మంది ఉపాధిలోకి వచ్చారన్నాడు. పని లేదనేవాళ్ళు పని చెయ్యని వాళ్ళేనన్నాడు. తరవాత గొంతు తియ్యగా చేసుకున్నాడు.

"ఒక్క ఉదాహరణ చెప్తా అధ్యక్షా. పంపుల కంపెనీలో లేత్ ఆపరేటరు. మిల్లీమీటరని ముద్దుపేరు. కంపెనీ పోయిందని ఏడుస్తూ కూర్చోలేదు. సొంతంగా సేవా సంస్థ పెట్టాడు. రోజుకి ఎనిమిది గంటలు, చేతినిండా పని! ఇదీ మా విధానం సాధించిన విజయం."

బల్లలు దడదడలాడాయి. హాల్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. మూడు వందల మొహాలు మిల్లీమీటరు వైపు తిరిగాయి. అతనికి చెవులు కాలిపోయాయి. చేతిలో ఫారం చెమటకు తడిసింది.

నాలుగున్నరకు రేకు లేచింది. గుమస్తా ఫారం చూసి, కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఇదెలా తీసుకోనయ్యా? నీకు పనుందని ఆయన సభలో చెప్పారు. సభలో చెప్తే అది రికార్డు. నేనిక్కడ లేదని రాస్తే ఆయన అబద్ధమాడినట్టేగా?"

"రోజూ ఈ కిటికీలోంచి చూస్తున్నారు సార్, నేనేం చేస్తున్నానో."

"చూస్తున్నాగా. పొద్దున్నించి సాయంత్రందాకా పనే."

మిల్లీమీటరు వెనక్కి తిరిగి చూశాడు. అంతమంది ముందు చెప్పాలి. అయినా గొంతెత్తే చెప్పాడు.

"నేను అబద్ధమాడాను సార్. మా తోడల్లుడి ముందు పరువు పోతుందని పని ఉందన్నాను. నాకు పని లేదు. ఏడాదిగా లేదు. సిగ్గుగా ఉంది, రాసుకోండి. మంత్రిగారికి సిగ్గుందో లేదో ఆయన్నే అడగండి."

"రేపు రావయ్యా, చూద్దాం" అని గుమస్తా రేకు లాగబోయాడు.

"రేపు గడువుండదు." మిల్లీమీటరు చెయ్యి రేకు కింద పెట్టాడు. రేకు వేళ్ళ మీద దిగింది. పళ్ళు బిగించాడుగానీ చెయ్యి తియ్యలేదు. చంటిపిల్ల తల్లి పిల్లను ముసలామె చేతిలో పెట్టి, తన చెయ్యి కూడా దూర్చింది. నడుంనొప్పి ముసలాయన దూర్చాడు. ఇంకో రెండు చేతులు, ఇంకో నాలుగు. తాళాలగుత్తితో వచ్చిన అటెండరు ఆ చేతుల్ని చూసి, గుత్తి జేబులో వేసుకుని గోడకు చేరగిలబడ్డాడు.

"ముద్ర వెయ్యండి సార్. తేదీ, గంట కూడా వెయ్యండి. పక్కన 'పని లేదు' అని మీ చేత్తో రాయండి."

ఐదుకు నాలుగు నిమిషాలుండగా గుమస్తా రాశాడు. కింద ఇంకో ముక్క కూడా కలిపాడు: 'మంత్రిగారి ప్రకటనకు విరుద్ధంగా ఉన్నందున, వారి నిర్ణయానికి పంపడమైనది.'

కాబట్టి మంత్రీ, ఆ కాగితం ఇప్పుడు నీ దగ్గరుంది. కమిటీ వేస్తాననకు. పరిశీలిస్తాననకు. రేపు సభ మొదలవగానే లేచి, చెప్పింది అబద్ధమని అదే గొంతుతో చెప్పు. ఆ ఒక్క గంట ప్రశ్నతో కొట్టేసిన ప్రతి పేరూ జాబితాలోకి తిరిగి ఎక్కించు. ఆపిన భృతి మొదటి నెల నుంచీ ఇవ్వు. ఎప్పుడూ మూసే ఉండే ఆ కిటికీ కూడా తెరిపించు. రేపే.