కాటప్ప నడుముకు బెల్టు

యుద్ధం ముగిసి పటాలం నుంచి తిరిగొచ్చిన కాటప్ప బొమ్మిడి స్టేషన్లో దిగినప్పుడు అతని నడుముకు జానెడు వెడల్పు తోలు బెల్టు ఉంది. బరువులెత్తే సోల్జరు ఒకడు ఇచ్చాడట. అది కట్టుకుంటే ఎంత బరువెత్తినా నడుము విరగదట. మా ఊళ్ళో నడుము విరిగినవాళ్ళకు కొదవ లేదు కాబట్టి అందరం నోళ్ళు తెరుచుకుని విన్నాం.

కాటప్పకు కావలసింది ఒక్కటే, మేనమామ సీనప్ప కూతురు పంచవర్ణం. సీనప్పకూ ఇష్టమే గానీ ఆయన పాతకాలపు మనిషి. గుడి ముందర నున్నటి రాతిగుండు ఒకటుంది. దాన్ని ఎత్తి భుజం మీదుగా వెనక్కి వేసినవాడే పెళ్ళికి తగిన మగాడని మా వాళ్ళ లెక్క.

"మారెమ్మ జాతర్లో గుండెత్తినోనికే పిల్ల" అన్నాడు సీనప్ప.

"అంతేనా మామా?" అని కాటప్ప బెల్టు మీద చరిచాడు.

ఆనాటి నుంచి దాన్ని విప్పితే ఒట్టు. చేద తోడినా బెల్టే, చెంబెత్తినా బెల్టే. సంగటి ముద్ద ఎత్తడానికి కూడా బిగించుకుని కూర్చునేవాడు. పైగా మాకు పాఠాలు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా!

ఒకరోజు పంచవర్ణం గడ్డిమోపు దించి, నడుముకు చుట్టుకున్న పాతచీర పేలికను విప్పుకుంటూ అంది. "మేమూ కట్టుకుంటాము బావా. మోపు ఎత్తేకి ముందు బిగిస్తాము, దించినాక తీసేస్తాము. నువ్వు అన్నం తినేటప్పుడన్నా విప్పరాదా? నడుము సోమరిదై పోతుంది."

"మోపుకూ గుండుకూ సాటా? ఇది మిలిట్రీది పిల్లా!"

ఆ పిల్లకు వీడంటే ఎంత ప్రాణమో ఊరందరికీ తెలుసు, వీడికి తప్ప.

జాతర రోజు గుండుకు పసుపు పూసి కుంకుమ పెట్టారు. కాటప్ప చెప్పులు దూరంగా విడిచి, కాళ్ళు కడుక్కుని, కర్పూరం కళ్ళకద్దుకుని వంగాడు.

"రేయ్, ఆగు!" పూజారి ఓబప్ప గావుకేక పెట్టాడు. "తోలు కట్టుకొని దేవర గుండును ముట్టేదా?"

చెప్పులు తోలువని తెలిసినవాడికి బెల్టు కూడా తోలేనని గుర్తు లేదు. అది ఏనాడో వాడి ఒంట్లో కలిసిపోయింది. విప్పక తప్పలేదు. నడుము చుట్టూ పాలిపోయిన చార చూసి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పంచవర్ణం మాత్రం నవ్వలేదు. కొంగున ముడేసి తెచ్చుకున్న తన పేలిక విప్పి విసిరింది.

"ఇది కట్టుకో బావా! గుడ్డకు మైల లేదు!"

ఇంతమందిలో ఆడదాని పేలికా? కాటప్ప దాన్ని కాలితో పక్కకు నెట్టి, ఉత్త నడుముతోనే పట్టాడు. గుండు మోకాలి దాకా లేచింది. లోపలెక్కడో కటుక్కుమంది. గుండు దాని చోటికి పోయింది, కాటప్ప దాని పక్కన పడ్డాడు.

జాతర చూడడానికొచ్చిన మారండహళ్ళి అంజప్ప, అతనూ సీనప్పకు వరసకు మేనల్లుడే, కిందున్న పేలికను దులిపి నడుముకు బిగించాడు. గుండు భుజం దాటింది. అన్న మాట అన్నదే అన్నాడు సీనప్ప.

కాటప్పను ఆ పెళ్ళికి బండిలో పడుకోబెట్టి తెచ్చారు. తిన్నా, పడుకున్నా నడుము కట్టు విప్పరాదని నాటువైద్యుడు చెప్పాడు. కట్టడానికి బెల్టు ఇంట్లో ఉండనే ఉంది. పెళ్ళికూతురు తాంబూలం తెచ్చి అతని ముందు నిలబడింది.

"తిన్నావా బావా?"

"తిన్నాను."

"విప్పి తిన్నావా?"

"విప్పొద్దన్నాడు పిల్లా."

పంచవర్ణం కళ్ళు నిండాయి. కాటప్పకూ ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే నడుము పట్టేస్తోంది, అందుకని అదీ మానుకున్నాడు.