చెయ్యి పెట్టని జోడు

మా షాపులో జోళ్ళు అందరి కోసమూ కాదు. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళ కోసం. వాళ్ళకి జోట్లో గులకరాయి ఉన్నా తెలియదు, పొద్దస్తమానం దాని మీదే నడుస్తారు. నొప్పి దేవుడు పెట్టిన కాపలా అనీ, అది పోయినచోట మనమే కాపలా కాయాలనీ అనేవాడు మా ఆయన. ఆ ఒక్క మాట మీదే షాపు పెట్టాడు. ఆదివారం తలుపు తీసేవాడు కాదు. జీతాలు ఒక్కపూట ఆలస్యం చేసేవాడు కాదు. అక్కర్లేని జోడు ఎవరికీ అంటగట్టేవాడు కాదు.

జోడు తయారయ్యాక ఆయనకో పద్ధతి ఉండేది. ఉత్త చెయ్యి లోపలికి పెట్టి, మడమ నుంచి బొటనవేలి కొస దాకా మెల్లగా తడుముతూ, అది తొడుక్కునే మనిషి పేరు చెప్పి ప్రార్థన చేసేవాడు. ప్రార్థన అయ్యేలోపు వేళ్ళు జోడంతా తిరిగొచ్చేవి. తోలు కోసే తాత ఆయనకి 'జోళ్ళ పాస్టరు' అని పేరు పెట్టాడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఎండలు మొదలైనప్పుడు గుండె ఆగి పోయాడాయన. నాకు ఏడుపు రాలేదు. రాతిగుండెది అనుకున్నవాళ్ళు అనుకున్నారు, నా గొంతులోకి ముద్ద దిగిందా లేదా అని అడిగినవాడు లేడు. వారం తిరక్కుండా షాపుకొచ్చి ఆయన బల్ల దగ్గర కూర్చున్నాను. జోట్లో చెయ్యి పెట్టేదాన్ని, ప్రార్థన మాత్రం వచ్చేది కాదు. ఒక్క మాట కూడా. మనసులో ఏమీ లేకుండా చెయ్యి పెట్టడం దేవుడి ముందు నాటకమాడినట్టు అనిపించి, ఆ మాటే మా మరిదితో అన్నాను.

మరిది మంచివాడే. నన్ను బాధపడొద్దన్నాడు, ఆ భారం తను మోస్తానన్నాడు. అప్పటినుంచి మూతలు వేసిన జోళ్ళ పెట్టెలన్నీ బల్ల మీద పేర్చి, వాటి మీద రెండు చేతులూ ఆన్చి, అందరి పేర్లూ ఒకేసారి చదివి ప్రార్థించేవాడు. ఎంతసేపనుకున్నారు? టీ చల్లారి మీగడ కట్టేది. తాత నిలబడే కునుకు తీసేవాడు. మా షాపులో ప్రార్థన పోలేదు, ఇంకా పెరిగింది. లోపల ఎవరి చెయ్యీ తిరగడం లేదన్న సంగతి మాత్రం మాకెవరికీ తట్టలేదు. అంత భక్తిలో ఉన్నాం మరి.

రిటైరైన నర్సమ్మ ఒకావిడ మా దగ్గర మొదటినుంచీ జోళ్ళు చేయించుకుంటోంది. నా అన్నవాళ్ళు లేరు. పాదాలతో పాటు చేతివేళ్ళూ మొద్దుబారిపోయాయి, చూపు కూడా అంతంతమాత్రం. ఆవిడ పక్కింటామె ఒకరోజు మేం ఈమధ్యే చేసిచ్చిన కొత్త జోళ్ళు తెచ్చి, నర్సమ్మ ఆసుపత్రిలో ఉందనీ, కాలికి పుండు పడిందనీ, ఇంటికొచ్చేసరికి వీటిని శుభ్రం చేసి ఉంచమందనీ చెప్పింది. ఇంట్లో ఉత్తకాళ్ళతో తిరిగి ఏదో తొక్కి ఉంటానని అనుకుంటోందట.

తడిగుడ్డ పట్టుకుని కుడి జోట్లో చెయ్యి పెట్టాను. వేలికి ఏదో కసుక్కున దిగింది. తోలుని అచ్చు మీద బిగించేటప్పుడు సన్నమేకులు కొట్టి, జిగురు ఆరాక పీకేస్తాం. ఒకటి పీకలేదు. దాని చుట్టూ లోపలి అట్ట మీద నెత్తురు నల్లగా గడ్డకట్టి ఉంది.

మరిదికి చూపించాను. మొహం పాలిపోయింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడాడు. ఇది బయటికి పొక్కితే షాపు మూతపడుతుందట, ఇన్ని కుటుంబాలు రోడ్డున పడతాయట, అన్నయ్య పేరు మట్టిలో కలుస్తుందట.

"ఆవిడకెలాగూ తెలీదు కదా వదినా. వైద్యం ఖర్చంతా మనమే పెట్టుకుందాం. పరిచర్య అనుకుందాం" అన్నాడు.

"డాక్టరు పైపుండనుకుని పట్టీలు కడుతున్నాడు. లోపలికి మేకు దిగిందని ఎవరు చెప్తారయ్యా?" అన్నాను.

కోపం రావలసిన చోట నాకు కోపం కూడా రాలేదు. పేర్చిన పెట్టెలన్నీ విప్పి ఒక్కొక్క జోడూ తడమమని తాతకి చెప్పాను. ఈమధ్య పట్టుకెళ్ళినవాళ్ళందరికీ ఫోన్లు చేసి, మేం చూసేదాకా జోళ్ళు తొడుక్కోవద్దనమని మరిదికి చెప్పాను. ఏమనుకున్నాడో, తల వంచుకుని ఫోను తీశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకోవాలి కదా.

ఆసుపత్రిలో ముందు డాక్టరుకే మేకు చూపించాను. ఆయన వెంటనే కాలికి ఎక్స్‌రే తీయించాడు. సాయంత్రానికి తేల్చేశాడు. చీము ఎముకలోకి దిగిందట. మడమ పైదాకా తీసేస్తే మనిషి దక్కుతుంది. ముందే తెలిసుంటే ఒక్క వేలితో పోయేదన్నాడు.

నర్సమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అంతా చెప్పాను. మేకు సంగతీ, పెట్టెల మీద ప్రార్థన సంగతీ, నాకు ప్రార్థన రాక చెయ్యి పెట్టడం మానేసిన సంగతీ. ఆవిడ కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"మీ ఆయనుంటే ఇలా జరిగేదా?" అంది చివరికి.

"జరిగేది కాదండీ."

"మరి నువ్వున్నావు కదమ్మా."

ఆ మాటలో కోపం లేదు. ఏదో రోగి మందు వేసుకోవడం మర్చిపోతే నర్సు అడిగినట్టు అడిగింది. ఆయన పోయాడని ఇన్నాళ్ళూ ఊరంతా నాతో చెప్పారు. నేనున్నానని చెప్పింది మాత్రం ఆవిడొక్కతే. అదీ తన కాలు నా మూలంగా పోతోందని తెలిశాక.

దాహమంటే గ్లాసుతో నీళ్ళు పట్టాను. తాగి గోడవైపు తిరిగి పడుకుంది. మర్నాడు పొద్దున్నే కాలు తీసేశారు. అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను.