రొంటిసంచిలో పన్నెండు

తెనాలి బండి ఎనిమిదింటికి. ఆలోగా కావలసిన పనులివి. పొయ్యి రాజెయ్యాలి. అత్తగారికి కాఫీ, మొగుడికి వేన్నీళ్ళు. ఎసట్లో బియ్యం పడెయ్యాలి. లాల్చీ ఇస్త్రీ చెయ్యాలి. రివాల్వరు పెట్టుకునే లోపలి జేబు కుట్టు ఊడిందేమో చూడాలి. మధ్యాహ్నానికి కేరియరు సర్దాలి. జడ వేసుకోవాలి. అన్నీ అయ్యాక, చీర కుచ్చిళ్ళు దోపుకునే ముందు, బియ్యం డబ్బా వెనకనుంచి రొంటిసంచి తీసి, తూటాలు పన్నెండూ ఉన్నాయో లేదో వేళ్ళతో తడిమి చూసి, నడుముకు ఎడమవైపు బిగించి కట్టుకోవాలి.

ఈ చివరి పని గంగరత్నం ఐదేళ్ళుగా చేస్తోంది.

ఆమె భర్త బ్రహ్మానందానికి రేపల్లెలో రొయ్యల వ్యాపారం, ఐసు షెడ్డు ఉన్నాయి. ఐదేళ్ళ కిందట సమితి ఎన్నికల్లో చెంచురామయ్య అనే ఆయనతో మాటా మాటా పెరిగింది. “నీ అంతు చూస్తా” అన్నాడు చెంచురామయ్య. బ్రహ్మానందం లైసెన్సు తెచ్చుకుని రివాల్వరు కొన్నాడు. ఆ అంతు చూస్తానన్న మనిషి రెండేళ్ళు తిరక్కుండానే చీరాల వెళ్ళి బట్టల కొట్టు పెట్టుకున్నాడు. రివాల్వరు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

రివాల్వర్లో ఆరు తూటాలు పడతాయి. అవి అయిపోతే? మరో పన్నెండు దగ్గర ఉండాలన్నాడు. తనే పెట్టుకుంటే జేబు వేలాడి నలుగురికీ తెలిసిపోతుంది. “నీకేముంది రత్నం, చీర మడతల్లో ఏనుగును దాచినా కనపడదు. అయినా ఆడదాన్ని ఎవడు తడుముతాడు?” అని నవ్వాడు.

తూటాలు రివాల్వరుకు దూరంగా ఉంటే లాభం లేదు. కాబట్టి ఆయన తెనాలి వెళితే ఆమె తెనాలి, దుగ్గిరాల వెళితే దుగ్గిరాల. ఆయన ఎవరింటి అరుగుమీదో బేరం మాట్లాడుతూ కూర్చుంటే, ఆమె ఆ ఇంటి వంటగదిలో పీటమీద కూర్చునేది. “ఎంత అన్యోన్యమమ్మా! పెళ్ళాన్ని వదిలి అడుగెయ్యడు” అని ఆడవాళ్ళు ముచ్చటపడేవారు. గంగరత్నం నవ్వి ఊరుకునేది. అడవులదీవిలో వల లాగే సింగరయ్య కూతురు గంగరత్నం బి.ఏ. చదివి, ఆపైన బి.ఎడ్. కూడా చేసిందని ఒకప్పుడు ఊరంతా చెప్పుకున్నారు. ఆ చదువంతా కలిసి ఇప్పుడొక సంచిగా మారింది. వంగితే డొక్కలో గుచ్చుకునేది. బండి కుదిపినప్పుడల్లా చెయ్యి దానంతటదే నడుంమీదికి పోయేది. “రొంట్లో ఏం దాచావమ్మా అంత భద్రంగా?” అని ఒకసారి రైల్లో ఒక ముసలామె అడిగింది. “తాళాలండి” అంది గంగరత్నం. ఆ అబద్ధం తన నోటికి అంత సులువుగా వచ్చినందుకు ఆ రోజంతా బాధపడింది.

మరోసారి తెనాలి స్టేషన్లో బియ్యం దొంగరవాణా అని పోలీసులు అందరి సంచులూ విప్పి చూశారు. ఆమె చేతిలోని కేరియరు గిన్నెలు కూడా తెరిపించారు. బ్రహ్మానందం కోసం చూసింది. ఆయన ఆరడుగుల దూరంలో, ఆమె ఎవరో తెలియనట్టు, గోడమీద బండ్ల వేళలు చదువుతున్నాడు. ఇంటికొచ్చాక, “ఇద్దరం కలిసి ఉంటే అనుమానం రాదూ?” అన్నాడు.

నిరుడు బాపట్లలో ఆడపిల్లల హైస్కూలు నుంచి ఉద్యోగానికి రమ్మని ఉత్తరం వచ్చింది. “నువ్వెళ్తే ఆ సంచి ఎవరు మోస్తారు?” అన్నాడు బ్రహ్మానందం. అత్తగారు నాగమ్మ కూడా కొడుకువైపే మాట్లాడింది. “మీ మావగారికి శత్రువులు లేరనుకున్నావా? ఇరవై ఏళ్ళు ఆయన కత్తి నా చేపల గంపలో అడుగున పెట్టుకుని తిరిగాను. నేనేమన్నా ఉజ్జోగాలంటూ పోయానా?” అంది. గంగరత్నం రాలేనని జవాబు రాసింది. ఈ ఏడు మళ్ళీ ఉత్తరం వచ్చింది, దీపావళి వెళ్ళిన సోమవారం చేరమని. ఈసారి జవాబు రాయలేదు, కానీ ఉత్తరాన్ని దాచింది, తూటాల పక్కనే.

దీపావళి సాయంత్రం ఐసు షెడ్డు వెనక కాలవగట్టుమీద రివాల్వరు పేల్చడం బ్రహ్మానందానికి ఏటా అలవాటు. ఎప్పుడూ ఆరుతోనే సరిపెట్టేవాడు. ఆ ఏడు జనం ఎక్కువ చేరారు. ఆరూ పేలాక హుషారొచ్చి, “రత్నం, ఏవీ, ఇలా ఇవ్వు” అన్నాడు. ఆమె పక్కకు తిరిగి సంచి విప్పి ఇచ్చింది.

ఆరు నింపి మీట నొక్కితే రివాల్వరు టక్కుమంది, అంతే. మళ్ళీ టక్కు. మార్చి మార్చి పెట్టాడు. పన్నెండింటిలో ఒక్కటీ పేలలేదు.

“బాబాయ్, మా చిచ్చుబుడ్డి నయం గదా!” అన్నాడు పక్కింటి గంగయ్య. అందరూ గొల్లుమన్నారు.

నాగమ్మ నవ్వలేదు. “ఎట్లా పేలతాయి మరి! నెలనెలా బయట చేరే మనిషి రొంట్లో ఉన్నవి. మైల తగిలిందిరా” అంది, అందరికీ వినపడేలా. బ్రహ్మానందం పెళ్ళాం వంక చూసిన చూపులో అదే మాట ఉంది. అంతమంది మగవాళ్ళ మధ్య గంగరత్నం తల దించుకుంది. తలదించుకున్నప్పుడే మొదటిసారి నేలమీద పడి ఉన్న ఆ తూటాలను వెలుగులో సరిగ్గా చూసింది. వాటినిండా పచ్చగా చిలుము.

మర్నాడు ఇద్దరూ తెనాలిలో తుపాకుల కొట్టుకు వెళ్ళారు. యజమాని అబ్దుల్ రజాక్ పెద్దవాడు. ఒక తూటాను కళ్ళద్దాల దగ్గరగా పెట్టుకుని తిప్పాడు.

“ఎక్కడుంచారండి వీటిని?”

“ఇంట్లోనే” అన్నాడు బ్రహ్మానందం.

“నా నడుముకండి” అంది గంగరత్నం. “ఐదేళ్ళు.”

రజాక్ తూటా కింద పెట్టాడు. “చెమటమ్మా. ఇవి చచ్చిపోయి మూడేళ్ళన్నా అయి ఉంటుంది. ఏటా మార్చుకోమని అప్పుడే చెప్పాను గదండీ, బ్రహ్మానందం గారూ? అదీగాక లైసెన్సు మీ పేరున ఉంటే అమ్మ మొయ్యడమేంటండి?”

“మోస్తే ఏమవుతుందండి?” గంగరత్నం అడిగింది.

“దొరికితే ముందు కేసు మీమీదేనమ్మా.”

బ్రహ్మానందం నవ్వాడు. “ఆడదాన్ని ఎవడు తడుముతాడు భాయ్! కొత్తవి పన్నెండు ఇవ్వండి.”

గాజుబల్లమీద కొత్త తూటాలు మెరుస్తున్నాయి. “తీసుకో” అన్నాడు ఆమెతో. గంగరత్నానికి స్టేషన్లో గోడవైపు తిరిగిన ఆ వీపు గుర్తొచ్చింది. నిరుడు తను రాలేనని రాసిన జవాబు గుర్తొచ్చింది. అప్పటికే చచ్చిపోయిన పన్నెండు తూటాల కోసం రాసిన జవాబు అది.

“నడుముకు కట్టుకునే తోలు పట్టీ ఉంటుందా అన్నయ్యా, మగవాళ్ళది?”

“ఉందమ్మా.”

పట్టీ తీసుకుని తూటాలు ఒక్కొక్కటే దానికున్న గూళ్ళలో దూర్చి, భర్త ముందు పెట్టింది.

“ఏంటిది?” అన్నాడు.

“మూడేళ్ళుగా మీ వెనక నడిచినవి చచ్చిన తూటాలండి. అయినా మిమ్మల్నెవరూ ఏమీ చెయ్యలేదు. సోమవారం నేను బాపట్ల వెళ్తున్నాను.”

రేపల్లె చేరేదాకా ఆయన పట్టీ కట్టుకున్న నడుము కుదురుగా నిలవక, బండిలో అటూ ఇటూ మెసిలాడు. ఇంటికొచ్చి తల్లితో అంతా చెప్పి విసురుగా షెడ్డుకు వెళ్ళిపోయాడు.

నాగమ్మ కేకలేస్తుందనుకుంది గంగరత్నం. ట్రంకుపెట్టెలో చీరలు సర్దుతుంటే అత్తగారు గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. పైకెత్తిన చేతి కింద, కోడలి నడుముమీద అరచేయంత మేర చర్మం ఆకుపచ్చగా ఉంది. లోపలికి వెళ్ళి, నానబెట్టిన చింతపండు పిడికెడు తెచ్చింది.

“ఇటు తిరగవే. ఇత్తడి చిలుము దేనికి వదులుతుందో దీనికీ దానికే వదలాలి.”

బిందె తోమినట్టే తోమింది. మంట పుట్టింది. గంగరత్నం ఓర్చుకుంది.

“నిన్న అందరిలో ఆ మాట అనకుండా ఉండాల్సింది” అంది నాగమ్మ, తల ఎత్తకుండా.

“మీ కత్తి ఏమైంది అత్తయ్యా?”

“మీ మావగారు పోయాక తీసి చూస్తే పిడి తప్ప ఏం మిగల్లా. చేపల నీళ్ళకు తుప్పు పట్టి ఎప్పుడు పోయిందో మరి. ఎవరికీ చెప్పలేదు.” చేతిలోని చింతపండు పిప్పి పక్కన పడేసింది. “తుడుచుకుని పెట్టె సర్దుకో. అత్తాకోడళ్ళిద్దరం మొయ్యడం ఎందుకు, మోసినదాన్ని నేనొక్కదాన్ని చాలు.”

సోమవారం గంగరత్నం బండెక్కింది. ఆమెను మీరు మరిచిపోయినా ఫరవాలేదు. బాపట్లలో ఆమె పాఠం విన్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు, వాళ్ళు తలుచుకుంటారు. మీరు మాత్రం నాగమ్మను గుర్తుపెట్టుకోండి. ఇరవై ఏళ్ళు మోసిన కత్తిలో మిగిలింది పిడి మాత్రమేనని ఆమె కోడలికి తప్ప ఎవరికీ చెప్పలేదు.